పర్యాటకుల లెక్క పర్యాటక శాఖకు వదలొద్దు

ఏటా కొత్త సంవత్సరం మొదటి వారాల్లో చాలా దేశాల నుంచి ఒకే రకం ప్రకటన వస్తుంది. గతేడాది రికార్డు స్థాయిలో టూరిస్టులు వచ్చారని పర్యాటక మంత్రి చెబుతారు, వెనక తెర మీద ఒక గ్రాఫు పైకి ఎగబాకుతూ కనిపిస్తుంది. కరోనా ఏడాదిని పక్కన పెడితే, కిందికి దిగిన గ్రాఫు ముందు నిలబడి నవ్విన మంత్రి ఎవరూ గుర్తుకు రారు. ఈ లెక్క కట్టిందెవరు అని అడిగితే మాత్రం చాలాచోట్ల దొరికే జవాబు పర్యాటక శాఖే. టూరిస్టులను రప్పించడం ఎవరి ఉద్యోగమో, ఎంతమంది వచ్చారో చెప్పేదీ వాళ్లే.

అమ్మేవాడి చేతిలోనే తక్కెడ ఉంటుంది కాబట్టే తూనికలు, కొలతల శాఖ అని ఒకటి విడిగా పెట్టుకున్నాం. పర్యాటకంలో చాలా దేశాలకు ఆ విడి శాఖ లేదు. టూరిస్టుల లెక్కను పర్యాటక శాఖల చేతుల్లోంచి తీసేసి, స్వతంత్రంగా పనిచేసే గణాంకాల సంస్థలకు అప్పగించాలి. పద్ధతులు మెరుగుపరచడం, కొత్త టెక్నాలజీ తేవడం లాంటివన్నీ దీని తర్వాతే.

లెక్క ఎలా కడతారో స్థూలంగా తెలిసిందే. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ రికార్డులు, సరిహద్దుల్లో శాంపిల్ సర్వేలు, హోటళ్ల రిజిస్టర్లు, ఈమధ్య మొబైల్ సిగ్నళ్లు. ఐక్యరాజ్యసమితి నిర్వచనం ప్రకారం మామూలుగా ఉండే చోటు వదిలి ఏడాది లోపు కాలానికి, అక్కడ ఉద్యోగం కోసం కాకుండా వెళ్లినవారు సందర్శకులు. వాళ్లలో కనీసం ఒక రాత్రి బస చేసినవారే టూరిస్టులు. 1950లో ప్రపంచవ్యాప్తంగా 2.5 కోట్లుగా ఉన్న విదేశీ పర్యాటకుల రాకలు 2024లో 140 కోట్లకు చేరాయి. ఇవి రాకలే తప్ప మనుషులు కారు. ఒకే వ్యక్తి ఏడాదిలో నాలుగుసార్లు వస్తే నలుగురి కింద లెక్క.

నిర్వచనంలో ఒక గీత ఇటు జరిపితే చాలు, ఒక్క కొత్త టూరిస్టు రాకుండానే సంఖ్య మారిపోతుంది. హాంకాంగ్ 2018లో 6.5 కోట్ల మంది సందర్శకులు వచ్చారని చెప్పుకుంది. అందులో రాత్రి ఉన్నవాళ్లు 2.9 కోట్లే, మిగతావాళ్లు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయినవాళ్లు. సౌదీ అరేబియా ‘విజన్ 2030’లో పెట్టుకున్న 10 కోట్ల సందర్శనల లక్ష్యాన్ని 2023లోనే, అంటే ఏడేళ్లు ముందే అందుకున్నామని ప్రకటించింది. ఆ ఏడాది లెక్క 10.6 కోట్లు. విదేశాల నుంచి వచ్చినవారు అందులో సుమారు 2.7 కోట్లు, మిగతాది దేశంలోపలి జనం ప్రయాణాలు. విడి లెక్కలు వాళ్లేమీ దాచలేదు, నిజమే. కానీ శీర్షికలోకి ఎక్కింది పెద్ద సంఖ్యే. లక్ష్యాన్ని కూడా వెంటనే 15 కోట్లకు పెంచేశారు.

భారత్‌దీ ఇలాంటి కథే. 2014 నుంచి ప్రవాస భారతీయుల రాకలను కూడా అంతర్జాతీయ పర్యాటకుల లెక్కలో కలిపారు. నియమాల ప్రకారం అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే అంతర్జాతీయ నిర్వచనం చూసేది నివాసాన్ని, పాస్‌పోర్టు రంగును కాదు. అయితే ఆ మార్పుతో ప్రపంచ ర్యాంకు 41 నుంచి 24కు ఎగబాకింది. లెక్క కట్టే తీరు మారినందువల్ల వచ్చిన ర్యాంకు, ఆ తర్వాత విజయంగా ప్రచారంలోకి వెళ్లింది. దేశీయ పర్యాటకం సంగతి ఇంకా విచిత్రం. 2023లో 250 కోట్ల దేశీయ సందర్శనలు జరిగాయని అధికారిక లెక్క. ఈ అంకెలు రాష్ట్రాల పర్యాటక శాఖలు పంపినవి. ఏ రాష్ట్రం ముందుందో చెప్పే జాబితా ప్రతి ఏడాదీ వస్తుంది, ఆ జాబితాలో పైకి రావాలని ప్రతి శాఖకూ ఉంటుంది. పోటీలో ఉన్నవాళ్లే తమ మార్కులు తాము పంపుకుంటుంటే అవి కాకిలెక్కలు కావని ఎవరు హామీ ఇస్తారు? శాఖలు అబద్ధం చెబుతున్నాయని నేను అనడం లేదు. నిజం చెప్పినా నమ్మించలేని చోట వాటిని కూర్చోబెట్టాం అంటున్నాను.

ఇదే దేశంలో ఇంకో పద్ధతీ ఉంది. జాతీయ నమూనా సర్వే 2014-15లో, 72వ విడతలో, ఇళ్లకు వెళ్లి ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎన్ని రాత్రులున్నారు, ఎంత ఖర్చు చేశారు అని అడిగింది. ప్రయాణించినవాళ్లనే నేరుగా అడిగే ఇలాంటి సర్వే నెమ్మదిగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. ర్యాంకుల జాబితాలా ప్రతి ఏడాదీ శీర్షికలకు పనికొచ్చేదీ కాదు. అందుకే దాని మీద టీవీ చర్చ జరిగినట్టు చూడం.

స్వతంత్ర సంస్థ లెక్కపెడితే ఏమవుతుందో ఇండోనేషియాలో కనిపించింది. 2019 నాటికి 2 కోట్ల విదేశీ పర్యాటకులను రప్పిస్తామని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. లెక్కపెట్టే పని మాత్రం కేంద్ర గణాంకాల సంస్థది. సరిహద్దు ప్రాంతాల్లో మొబైల్ సిగ్నళ్లతో లెక్కించే కొత్త పద్ధతిని 2016 నుంచే ఆ సంస్థ కలుపుకుంది. అలా కలుపుకున్నా 2019లో తేలింది 1.61 కోట్లే. లక్ష్యం తప్పిందని దేశమంతటికీ తెలిసింది. లెక్క పర్యాటక మంత్రి ఆఫీసులో తేలి ఉంటే, 2 కోట్లకు చేరే నిర్వచనం ఏదో ఒకటి దొరికే ఉండేదని నా అనుమానం.

ఇంతకన్నా నాకు బాగా నచ్చిన ఉదంతం అమెరికాది. ట్రంప్ తొలిసారి అధ్యక్షుడైన 2017లో విదేశీ పర్యాటకులు తగ్గిపోయారని లెక్కలు వచ్చాయి. ఇంకేముంది, పత్రికలు దానికి ‘ట్రంప్ స్లంప్’ అని పేరు పెట్టేశాయి. వీసా ఆంక్షల వల్లే అని ఒకరు, డాలరు బలపడటం వల్ల అని మరొకరు నెలల తరబడి వ్యాసాలు రాశారు. 2018 ఏప్రిల్‌లో వాణిజ్య శాఖలోని పర్యాటక గణాంకాల విభాగం ఉన్నట్టుండి లెక్కల ప్రచురణ ఆపేసింది. విదేశాల నుంచి వచ్చిన కొందరి నివాస దేశం రికార్డుల్లో తప్పుగా నమోదవుతోందని తేలడమే కారణం. కొన్ని నెలలు కూర్చుని సరిదిద్దాక చూస్తే 2017లో తగ్గుదల లేనే లేదు, ఒక శాతం లోపు పెరుగుదల ఉంది. అన్ని విశ్లేషణలూ ఒక ఎంట్రీ పొరపాటు మీద కట్టిన మేడలని తేలింది.

ఇందులో నాకు ముఖ్యమైంది తప్పు జరగడం కాదు, లెక్క ఉన్న ఎక్కడైనా తప్పు జరుగుతుంది. ముఖ్యమైంది ఆపేయడం. ఆ దేశంలో టూరిస్టులను ఆకర్షించే ప్రచారం ‘బ్రాండ్ యూఎస్‌ఏ’ అనే వేరే సంస్థ చూసుకుంటుంది. లెక్కపెట్టేవాళ్లకు సీజన్ ప్రచారం పాడవుతుందన్న టెన్షన్ లేదు. కాబట్టి మా లెక్క సరిగా లేదు, కొన్నాళ్లు ఇవ్వలేం అని చెప్పగలిగారు. అమ్మకాల టార్గెట్ నెత్తిన ఉన్న ఆఫీసు ఏదైనా ఈ మాట అనగలదా? బ్రిటన్‌లోనూ అంతే. 1961 నుంచి ప్రయాణికుల సర్వే నడుపుతున్న అక్కడ, గణాంకాల కార్యాలయం తన పద్ధతిలో లోపం ఉందని చెప్పి 2009 నుంచి 2019 దాకా పాత లెక్కలను తానే సవరించి మళ్లీ ప్రచురించింది. పదేళ్ల గ్రాఫును బాహాటంగా తిరగరాయడానికి ఏ ప్రచార విభాగమూ ఒప్పుకోదు.

ఇక స్పెయిన్. విదేశీ పర్యాటకుల రాకలు, వాళ్ల ఖర్చుల సర్వేలు ఒకప్పుడు పర్యాటక పరిపాలన కిందే ఉండేవి. 2015 అక్టోబరు నుంచి రెండింటినీ జాతీయ గణాంకాల సంస్థకు అప్పగించారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని రాత్రులున్నారు, రోజుకు ఎంత ఖర్చు పెట్టారు అన్నది ప్రతి నెలా వస్తుంది. దీని విలువ తెలియాలంటే ఫ్రాన్స్‌తో పోల్చి చూడాలి. తలల లెక్కలో ఫ్రాన్స్‌దే ప్రపంచంలో మొదటి స్థానం, 2024లో సుమారు 10 కోట్లు. స్పెయిన్‌కు 9.4 కోట్లు. విదేశీ పర్యాటకుల నుంచి వచ్చిన ఆదాయంలో మాత్రం అదే ఏడాది అమెరికా సుమారు 21,500 కోట్ల డాలర్లతో ముందుంటే, స్పెయిన్ 10,600 కోట్లు, ఫ్రాన్స్ 7,700 కోట్లు. తలలు చూసి మురిసిపోయేవాళ్లకు ఈ తేడా కనపడదు. ఫ్రాన్స్ మీదుగా కారులో వెళ్తూ ఒక రాత్రి ఆగిన కుటుంబం కూడా ఆ 10 కోట్లలో ఉంటుంది.

స్పెయిన్ లెక్కను నమ్ముతారనడానికి రుజువు వీధుల్లోనే దొరికింది. 2024 ఏప్రిల్‌లో కెనరీ దీవుల్లో, జూలైలో బార్సిలోనాలో జనం టూరిజానికి వ్యతిరేకంగా రోడ్డెక్కారు. బార్సిలోనాలో కొందరు టూరిస్టుల మీద నీటి పిస్తోళ్లతో నీళ్లు చల్లారు కూడా. ఆ నగర మేయరు 10,000కు పైగా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 నాటికి రద్దు చేస్తామని ప్రకటించారు. గమనిస్తే, గొడవ అంతా ఎంతమందిని రానివ్వాలన్న దాని మీదే తప్ప ఎంతమంది వచ్చారన్న దాని మీద కాదు. హోటళ్ల యజమానులూ, అద్దెలు కట్టలేక ఊరు వదులుతున్నవాళ్లూ ఒకే పట్టిక చూసి పోట్లాడుకుంటున్నారు. ప్రజాస్వామ్యంలో పోట్లాట అంటూ ఉంటే ఇలాగే ఉండాలి.

దీనికి ఎదురువాదం ఉంది. హోటళ్లు, ట్రావెల్ ఏజెంట్లు, గైడ్లతో రోజూ పనిచేసేది పర్యాటక శాఖే, క్షేత్రం తెలిసినవాళ్లూ వాళ్లే. గణాంకాల సంస్థకు అప్పగిస్తే ఫైలు కదలడానికే నెలలు పడుతుంది, సీజన్ అయిపోయాక వచ్చిన లెక్క వ్యాపారానికి పనికిరాదు అంటారు. వేగం అవసరమే. కానీ స్పెయిన్ నెల ముగిసిన సుమారు నెల రోజులకల్లా లెక్క ఇస్తోంది. అంతకన్నా త్వరగా కావాలంటే విమాన బుకింగులు, కార్డు చెల్లింపుల డేటా ఉన్నాయి. వ్యాపారులు వాటిని చూసే నిర్ణయాలు తీసుకుంటారు, మంత్రి ప్రెస్ మీట్ కోసం ఎదురుచూడరు.

నిజానికి నా దిగులు టూరిస్టుల దగ్గర ఆగదు. ఏ ప్రభుత్వమైనా తనకు ఇబ్బంది లేని లెక్క దగ్గరే అలవాటు మొదలుపెడుతుంది. అర్జెంటీనా ప్రభుత్వం 2007లో తన గణాంకాల సంస్థలో వేలుపెట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ధరల పెరుగుదల అధికారిక లెక్కను దేశంలో ఎవరూ నమ్మలేదు. చివరికి 2013లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశాన్ని అభిశంసించింది. గ్రీసులో ఆండ్రియాస్ జార్జియో అనే అధికారి గణాంకాల సంస్థ పగ్గాలు చేపట్టి, 2009 బడ్జెట్ లోటు జీడీపీలో 15.4 శాతమని ఉన్నదున్నట్టు లెక్కగట్టారు. ఆ లెక్కను యూరోపియన్ గణాంకాల సంస్థ యూరోస్టాట్ ఆమోదించింది. సొంత దేశం మాత్రం ఆయన్ని ఏళ్ల పాటు కోర్టుల చుట్టూ తిప్పింది. ద్రవ్యోల్బణం, లోటు, నిరుద్యోగం లెక్కల మీద చేయి వేస్తే గగ్గోలు పుడుతుంది. టూరిస్టుల లెక్క మీద చేయి వేస్తే ఎవరూ పట్టించుకోరు, పైగా చప్పట్లు కొడతారు. సంఖ్య అంటే ప్రచార సామగ్రి అన్న భావన అధికారుల్లో నాటుకునేది ఇలాంటి హానిలేని చోట్లే.

అందుకే చిన్న విషయాల దగ్గర కూడా కచ్చితంగా ఉండాలి. లెక్కలు ఏ తేదీన వస్తాయో ఏడాది ముందే ప్రకటించాలి. పద్ధతి మారిస్తే పాత పద్ధతిలో ఎంత వచ్చేదో పక్కనే వేయాలి. మంత్రులకు ముందుగా చూపించడం మానాలి. బ్రిటన్ గణాంకాల కార్యాలయం 2017 జూలై నుంచి మంత్రులకూ అధికారులకూ ముందస్తుగా లెక్కలు పంపే ఆనవాయితీకి స్వస్తి చెప్పింది.

తొందర పడటానికి ఇంకో కారణమూ ఉంది. రేపటి లెక్క ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర తేలదు. ఐరోపాలో చాలా సరిహద్దుల్లో కౌంటర్లే లేవు. న్యూజిలాండ్ 2018లో ప్రయాణికులు వెళ్లేటప్పుడు నింపే కార్డులు ఎత్తేసింది. ఎస్టోనియాలో విదేశీ ఫోన్ల రోమింగ్ రికార్డులతో ప్రయాణాల లెక్క కట్టి చాలా ఏళ్లయింది, అక్కడ ఆ పని చేసింది కేంద్ర బ్యాంకు. వెనిస్‌కు పగలు వచ్చి రాత్రికి వెళ్లిపోయే జనం ఏ హోటల్ రిజిస్టర్‌లోనూ ఉండరు. 2024లో ఆ నగరం రద్దీ రోజుల్లో 5 యూరోల ప్రవేశ రుసుం పెట్టాక గానీ వాళ్లలో కొందరైనా కాగితం మీదికి రాలేదు. అద్దె ఇళ్లలో దిగేవాళ్లదీ అదే సంగతి. 2020లో ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్, ఎక్స్‌పీడియా, ట్రిప్‌అడ్వైజర్‌లతో యూరోస్టాట్ ఒప్పందం చేసుకున్నాక, 2024 ఒక్క ఏడాదిలోనే ఈ వేదికల ద్వారా 85 కోట్ల రాత్రుల బస జరిగినట్టు బయటపడింది. అంతకుముందు ఇందులో చాలా భాగం హోటల్ గణాంకాలకు అందనే లేదు.

అంటే అసలు డేటా ఇప్పుడు టెలికాం కంపెనీల దగ్గర, బుకింగ్ వేదికల దగ్గర ఉంది. అది ఎవరి టేబుల్ మీదికి వస్తుందన్నది చట్టమే తేల్చాలి. స్వల్పకాలిక అద్దె ఇళ్ల డేటా మీద యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నిబంధన 2026 మే 20 నుంచి అమలు కావాల్సినది. ఈ డేటా అందాల్సినవాళ్లలో గణాంకాల సంస్థల పేరు అందులో స్పష్టంగా ఉంది. అలాంటి చట్టం లేని దేశాల్లో ఆ కంపెనీల తలుపు ముందుగా తట్టేది పర్యాటక శాఖలే. ఒప్పందాలు కుదిరి, డాష్‌బోర్డులు తయారై, వాటి మీద మంత్రుల ఫొటోలు వచ్చాక ఆ తాళాలు వెనక్కి ఇమ్మంటే ఏ శాఖా ఇవ్వదు.