మా జాలి స్టాకు ఏం చేసుకోవాలి?

పారిస్ పారాలింపిక్స్, అదే వికలాంగుల ఒలింపిక్స్, అయిపోయి ఏడాది దాటింది. అప్పట్లో పతకాల లెక్క అందరూ చెప్పారు: 7 బంగారు, 9 వెండి, 13 కంచు, మొత్తం 29, దేశాల పట్టికలో 18వ స్థానం. సంతోషమే. కానీ ఆ 29 పతకాలు ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి లాంటి ఊళ్ళో జాలి చూపించుకుని బతుకుతున్న మాలాంటి వాళ్ళ పొట్ట ఎలా కొట్టాయో ఒక్క ఛానెలైనా చర్చ పెట్టిందా? పెట్టలేదు. అందుకే ఈ మొర.

నేను మా ఊళ్ళో ఒక సేవా సంఘానికి కోశాధికారిని. సంఘం పేరు చెప్పను. చెబితే చందా కోసం రాశానంటారు. ఏటా డిసెంబరు 3న మేం వికలాంగుల దినం చేస్తాం. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు వక్తలు, అరటిపళ్ళు, దుప్పట్లు, డబ్బు మిగిలిన ఏడాది ఒక ట్రైసైకిల్. ట్రైసైకిల్ వెనక రేకు మీద దాతల పేర్లు, అర కిలోమీటరు నుంచి కనపడే సైజులో. మొదట్లో బ్యానర్ మీద 'వికలాంగులు' అని ఉండేది. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో 'దివ్యాంగులు' అన్నారు, బ్యానర్ మార్చాం. ఇక్కడి ఒడియా కాగితాల్లో 'భిన్నక్షమ' అని ఉంటుందని ఎవరో గుర్తు చేశారు, మళ్ళీ మార్చాం. బ్యానర్ల వాడికి మూడుసార్లు డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది నేనే. స్టేజీ ఎక్కే నాలుగు మెట్లు మాత్రం మొదటి ఏడాదివే.

జాలి తయారీకి ముడిసరుకు ఒక్కటే: ఎదుటివాడు మనకంటే తక్కువ అన్న నమ్మకం. పారిస్ దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. అదే ఊళ్ళో అంతకు కొన్ని వారాల ముందు ఒలింపిక్స్‌కి మనవాళ్ళు 117 మంది వెళ్ళి 6 పతకాలు తెచ్చారు. బంగారం లేదు. స్థానం 71. తరవాత 84 మంది వెళ్ళి 29 తెచ్చారు. రెండింటికీ పోలిక పెట్టకూడదు, పారాలింపిక్స్‌లో వైకల్యాన్ని బట్టి పోటీ తరగతులు ఎక్కువ, అందుకే పతకాలూ ఎక్కువ అని తెలిసినవాళ్ళు నన్ను ఓదార్చారు. నిజమే. కాకపోతే ఆ తరగతులు అప్పుడూ ఉన్నాయి కదా? 1972 నుంచి 2016 దాకా మొత్తం కలిపితే మనకొచ్చినవి 12. అంటే మా సంఘం పెట్టిన రోజుల్లో పరిస్థితి మాకు పూర్తిగా అనుకూలంగా ఉండేది. టోక్యోలో 19 అయ్యేసరికి నాకు మొదటిసారి టెన్షన్ పట్టుకుంది.

ప్రభుత్వం తన వంతు జాగ్రత్త పడింది, దాన్ని తప్పుపట్టను. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ గారు, మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా మనిషి, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఈత కొట్టి దేశానికి మొట్టమొదటి పారాలింపిక్ బంగారు పతకం తెచ్చారు. అర్జున అవార్డు ఇచ్చేద్దామా అని ఎవరూ తొందరపడలేదు. 2025 జనవరిలో ఇచ్చారు. యాభై రెండేళ్ళు నీళ్ళలో తేలుతూ ఉండగలడా లేదా అని చూసినట్టున్నారు.

2024 ఆగస్టు 28న పారిస్‌లో ప్రారంభోత్సవం. మర్నాడు మాకిక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. అదే రోజు జాతీయ క్రీడా దినోత్సవం కూడా, కానీ ధ్యాన్‌చంద్ గారి ఫొటో దొరక్క ఒక్క పండగే చేశాం. పంతులు గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర భాష నేర్చుకోవడానికి కొండలెక్కి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో ఊరిని ఒడిశాలో కలిపితే కోపం వచ్చి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇవన్నీ మా వక్తలకు కంఠతా. చెవుడు సంగతి ఒక్కటీ చెప్పరు. మహానుభావుడికి చెవుడేమిటి, బాగోదు అని.

ఆ సాయంత్రం ఒక పెద్దాయన మైకు పుచ్చుకుని తెలుగు బడుల గురించి ఆవేశపడ్డారు. భువనేశ్వరానికి ఎన్ని అర్జీలు పెట్టినా పట్టించుకోవట్లేదని, చివరికి గొంతు పెంచి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది!" అన్నారు. పక్కనే దండ వేసిన పంతులు గారి ఫొటో. సభంతా చప్పట్లు. నేనూ కొట్టాను. వెనక వరసలో సైకిలు షాపు అతను మాత్రం గట్టిగా నవ్వేశాడు. తరవాత అడిగితే, "పంతులు గారికి వినపళ్ళేదులెండి బాబూ" అన్నాడు.

అప్పటి నుంచి నాకు నోరు తెరవాలంటే భయం పట్టుకుంది. నిజం చెప్పండి, మన వాడుక భాషలోంచి కుంటి, గుడ్డి, చెవిటి తీసేస్తే రాజకీయ ఉపన్యాసం పది నిమిషాలు నడుస్తుందా? గుడ్డెద్దు చేలో పడ్డట్టు, గుడ్డికన్నా మెల్ల మేలు, మూగవాడి పాట. అన్నింటికంటే ఇబ్బంది పెట్టింది 'కుంటిసాకు'. ఒలింపిక్స్ తరవాత నేను విన్న సాకులన్నీ, గాలి అనుకూలించలేదు, అంపైరు చూడలేదు, పడుకునే గదుల్లో ఏసీ లేదు, అన్నీ రెండు కాళ్ళ మీద నిలబడి చెప్పినవే. ఇందులో కుంటివాళ్ళ ప్రమేయం ఏమిటో నాకర్థం కాదు. భాషావేత్తలు తేల్చాలి.

ఇక వర్గీకరణ. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ వాళ్ళు దీన్నేదో గొప్ప శాస్త్రంలా చెబుతారు. 'టి' అంటే ట్రాక్, 'ఎఫ్' అంటే ఫీల్డ్. టి20 అంటే బుద్ధి వికాసంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు, ఎఫ్41 అంటే పొట్టివాళ్ళలో ఒక తరగతి, ఎఫ్64లో కృత్రిమ కాలుతో విసిరేవాళ్ళు. దీనికి వైద్యులు, పరీక్షలు, అభ్యంతరం ఉంటే అప్పీలు. ఎంత దండగ! మా వీధిలో ఏ కమిటీ లేకుండా పిల్లాడు నడిచీ నడవకముందే వర్గీకరణ అయిపోతుంది. కుంటోడు, గుడ్డోడు, మూగి, పొట్టోడు. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉంటుంది, వీధిలో అవసరం రాదు. అప్పీలు లేదు.

వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవాంజిని ఊరు ఏమని పిలిచేదో వాళ్ళమ్మే పత్రికలకు చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయను. రాస్తే మా వీధిలో ఇంకో పిల్ల పలుకుతుంది. ఆ దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో టి20 తరగతి 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్‌లో 55.82తో కంచు తెచ్చింది. ఆ పిల్లని వెక్కిరించినవాళ్ళ నష్టం ఎవరు పూడుస్తారు? వాళ్ళిప్పుడు ఆమెతో సెల్ఫీ దిగాలి కదా. మొహం చెల్లద్దూ?

నవదీప్ సింగ్ సంగతి ఇంకా ఘోరం. ఎఫ్41లో ఈటె 47.32 మీటర్లు విసిరాడు. మొదట వెండి అన్నారు. ఇరాన్ ఆటగాణ్ణి అనర్హుడని తీసేశాక బంగారం అయింది. అంతటితో ఊరుకున్నాడా? ఢిల్లీ వచ్చాక ప్రధానికి తన చేత్తో టోపీ పెడతానన్నాడు. ప్రధాని నేల మీద కూర్చున్నారు, కుర్రాడు పెట్టాడు. పాలించేవాళ్ళు జనానికి టోపీ పెట్టడం అనాదిగా ఉన్నదే. పాలకుణ్ణి కింద కూర్చోబెట్టి, కెమెరాల ముందు, ఆయన ఒప్పుదలతో టోపీ పెట్టినవాణ్ణి నేను ఇదే చూడటం.

ఈ ఆటలన్నీ నేను చూసింది సైకిలు షాపులో, అతని ఫోన్లో. అతనికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఎడమ చెయ్యి తొడ మీద ఆన్చి, కాలుని ముందుకి నెట్టుకుంటూ నడుస్తాడు. మేమిచ్చిన ట్రైసైకిళ్ళన్నీ ఆఖరికి అతని దగ్గరికే వస్తాయి. ఎక్కడం కోసం కాదు, రిపేరుకి.

ఒకరోజు క్లబ్ త్రోలో ధరంబీర్ విసరడం చూపించాడు. నడుం కింద పట్టు లేని మనిషి, కుర్చీలో కూర్చుని చెక్క క్లబ్బు విసరాలి. వరసగా నాలుగు ఫౌల్. అయిదోది 34.92 మీటర్లు, బంగారం. నేను గాలి పీల్చుకోవడం కూడా మర్చిపోయాను. షాపు అతను మాత్రం ఆ ముక్క వెనక్కి జరిపి మళ్ళీ పెట్టి, స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"మనిషిని కాదు బాబూ, కుర్చీని చూడండి."

"కుర్చీకేటయింది?"

"ఏటీ అవలేదు. అదే చూడమంటన్నాను. అంత ఊపుతో విసిరినా ఇంచి కదల్లేదు. నేలకి బెల్టులేసి బిగించారు. మీ బండి సీటుకి నాలుగు నట్లుండాలి, రెండే ఉంటాయి. ఎత్తు దిగేటప్పుడు మనిషి ఒకవైపు, సీటు ఒకవైపు."

పక్కన బోర్లా వేసిన ట్రైసైకిల్ చూపించాడు. ముందు చక్రానికి చేత్తో తిప్పే పెడలు, దాని చైను వదులై వేలాడుతోంది. ఫ్రీవీల్ విప్పి ఒక మూకుట్లో కిరసనాయిలు పోసి వేశాడు, గోళీలు నల్లగా మునిగి ఉన్నాయి. వెనక రేకు మీద మా అధ్యక్షుల వారి పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

"మీ జాలి ఆరు నెలలు వస్తాది బాబూ. ఏడో నెల చైను తెగుద్ది."

ఇది మా సంఘం మీద అభాండం. మూడు కొటేషన్లు పిలిచి, అందులో తక్కువ దానికే ఇచ్చాం. రికార్డు ఉంది.

మా సరిహద్దు వాళ్ళ వర్గీకరణ గురించి కూడా కమిటీకి ఎవరైనా చెప్పాలి. మా దగ్గర టి, ఎఫ్ పనికిరావు. ఏ, ఓ ఉండాలి. ఏ అంటే ఆంధ్ర, ఓ అంటే ఒడిశా. గీత దాటితే పాతపట్నం. 2024 జులై నుంచి అక్కడ దివ్యాంగుడి పింఛను నెలకు 6,000. సైకిలు షాపు అతని కాలు గీతకి ఇటు పుట్టింది కాబట్టి ఆ అంకె రాదు. కాలు అదే, పోలియో అదే, మాట్లాడే తెలుగూ అదే. కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్ళ వాళ్ళే అదృష్టవంతులు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగాదా పుణ్యమా అని రెండు రాష్ట్రాలూ మీరు మావాళ్ళంటే మావాళ్ళని వెంటపడి కార్డులిస్తాయి. దయచేసి మా పర్లాకిమిడి మీద కూడా ఎవరైనా ఒక కేసు వెయ్యగలరు.

ఢిల్లీలో 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మనకి 6 బంగారాలతో 22 పతకాలు. ఆ పోటీల్లో స్టేడియంలో వీధికుక్కలు కెన్యా, జపాన్ శిక్షకుల్ని కరిచాయి. దేశం పరువు పోయిందని అందరూ గోల పెట్టారు గానీ ఒక్క విషయం గమనించలేదు. ఆటగాళ్ళు దొరక్కే కుక్కలు శిక్షకుల మీద పడి ఉంటాయి. ఈ విజయం పట్టికలో ఎక్కించలేదు.

ఇక మొన్నటి డిసెంబరు 3. కాలంతోపాటు మారాలి కదా అని ఈసారి సైకిలు షాపు అతన్నే ముఖ్య అతిథిగా పిలిచాం. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. స్టేజీ మెట్ల దగ్గరికి రాగానే మా సభ్యులు నలుగురు ఎత్తడానికి పరిగెత్తారు, ఫొటోగ్రాఫర్ మోకాలి మీద కూర్చున్నాడు. ఈలోగా అతను చెయ్యి తొడ మీద పెట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎక్కేశాడు. ఫొటో పోయింది. ఒకసారి దిగితే ఎత్తుకుని మళ్ళీ ఎక్కిస్తామని అధ్యక్షులు మర్యాదగానే అడిగారు.

"దిగమంటే దిగుతాను, ఎత్తుకుంటానంటే మటుకు వద్దు" అన్నాడు.

మాట్లాడమంటే జేబులోంచి కాగితం తీశాడు. స్ఫూర్తిదాయకమైన కవితేమో అనుకున్నాం. బిల్లు. మూడు ట్రైసైకిళ్ళకి చైన్లు రెండు, ఫ్రీవీల్ ఒకటి, బేరింగు గోళీలు, సీటు నట్లు ఆరు, కూలీ. మొత్తం 1,460. మైకులో చదివి, కిందకి వంగి నా చేతికిచ్చాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీక చప్పట్లు కొట్టారు.

రాత్రి పద్దు పుస్తకం ముందు చాలాసేపు కూర్చున్నాను. 'దానం' కింద రాద్దామంటే బిల్లుంది. 'సన్మానం' అంటే శాలువా ఖర్చు వేరే ఉంది. ఆఖరికి 'క్రీడల ప్రోత్సాహం' అని కొత్త ఖాతా తెరిచి అందులో రాశాను. మా సంఘం ఆ పేరుతో పైసా ఖర్చు పెట్టడం ఇదే మొదలు.

మర్నాడు షాపుకెళ్ళి డబ్బిచ్చాను. 1,500 ఇస్తే 40 వెనక్కిచ్చి రసీదు రాశాడు. ఎత్తు దిగినా సీటు కదలకుండా బిగించానని ఊపి చూపించాడు. తరవాత, ఇంకో రెండు బండ్ల వెనక రేకు మీద దాతల పేర్లు వెలిసిపోయాయి, పెయింటు వెయ్యమంటారా, అది ఈ బిల్లులో లేదు అన్నాడు. నాకు నేనుగా చెప్పలేక కమిటీని అడిగాను. దానికి మాత్రం ఎవరూ కొటేషన్ అడగలేదు.