బస్సులోనే కరిగిపోతున్న షుగర్

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో పొద్దున్నే తీసిన రక్తం బస్సులో వెళ్లి మధ్యాహ్నానికి గానీ ల్యాబు మెషీన్ ఎక్కకపోతే, రిపోర్టులో వచ్చే షుగర్ అంకె ఆ మనిషిది కాదు. ట్యూబులోనూ రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో కణాల నుంచి సీరం, అంటే పైన తేలే ద్రవం, వేరుచేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తగ్గిపోతుంది. గడ్చిరోలి ఎండల్లో ఇంకా వేగంగా తగ్గుతుంది. పరగడుపున 140 ఉన్న మనిషికి నాలుగు గంటల తర్వాత 110 దగ్గర చూపిస్తుంది. 126 వస్తే మధుమేహం అంటారు కాబట్టి, ఇతనికి ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపేస్తారు.

ఈ తప్పు ఎప్పుడూ ఒకవైపే జరుగుతుంది, నా అసలు బాధ అదే. ఆలస్యం జబ్బును దాచిపెడుతుందే తప్ప ఎక్కువ చేసి చూపదు. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. నార్మల్ అని వచ్చిన రిపోర్టు మీద గొడవ పెట్టుకునేదెవరు?

మా మెషీన్లు రోజూ కంట్రోల్ పరీక్ష (ఎంత రావాలో ముందే తెలిసిన ద్రవంతో చేసే తనిఖీ) పాసవుతున్నాయని ల్యాబులవాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ కంట్రోల్ ద్రవం ఫ్రిజ్‌లోంచి నేరుగా మెషీన్‌లోకి వెళ్తుంది, అహేరి రోడ్డు మీద బస్సులో కుదుపులు తినదు.

బూడిద రంగు మూత ట్యూబు వాడితే చాలనుకోవడం కూడా పొరపాటే. అందులోని ఫ్లోరైడ్ గ్లూకోజ్ విచ్ఛిన్నమయ్యే వరుసలో చివరి మెట్ల దగ్గర అడ్డుపడుతుంది. కాబట్టి మొదటి గంటా రెండు గంటలు తరుగుదల ఆగదు. సిట్రేట్ కలిసిన ట్యూబు మొదటి మెట్టు దగ్గరే ఆపుతుంది. పోనీ ఐసు పెట్టెలో పంపుదామా అంటే, చల్లబడిన కణాల్లోంచి పొటాషియం బయటికొస్తుంది. ట్యూబు ఐసుకు నేరుగా ఆనితే ఎర్రకణాలు చిట్లి సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు రిపోర్టులో పొటాషియం ఎక్కువగా కనబడి, గుండెకు ప్రమాదమంటూ లేనిపోని టెన్షన్. నరం దొరకలేదని పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరవమన్నా పొటాషియం, లాక్టేట్ పెరుగుతాయి.

నగరాల్లో దీనికి హెచ్‌బీఏ1సీ అనే దారి ఉంది, ఎర్రకణాలకు అంటుకున్న గ్లూకోజ్‌ను బట్టి రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష అది. కాస్త ఆలస్యమైనా ఆ పరీక్ష చెడదు. ఇక్కడ ఆ దారీ సగం మూసుకుపోయింది. గడ్చిరోలి సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఎక్కువగా ఉన్న జిల్లా. ఆ జబ్బున్నవాళ్ల ఎర్రకణాలు 120 రోజులు కాదు, 10 నుంచి 20 రోజులే బతుకుతాయి. గ్లూకోజ్ అంటుకునే వ్యవధి తగ్గి హెచ్‌బీఏ1సీ తక్కువగా వస్తుంది. అంటే గ్లూకోజ్ పరీక్ష సరిగ్గా జరగాల్సిన అవసరం ముంబయి కంటే ఇక్కడే ఎక్కువ.

ప్రభుత్వాలు మాత్రం భవనాలకు రిబ్బన్లు కోస్తాయి, ఎన్ని లక్షల పరీక్షలు చేశామో లెక్క చెబుతాయి. ట్యూబును గిరగిరా తిప్పి సీరం వేరుచేసే ఒక సెంట్రిఫ్యూజ్, దాన్ని రక్తం తీసిన అరగంటలో తిప్పే మనిషి, ఆ మనిషికి సరైన జీతం మాత్రం వాళ్ల కంటికి ఆనవు. మహారాష్ట్రకు సిరొంచ చివరి ఊరు. ప్రాణహిత దాటితే తెలంగాణ. రెండు రాజధానులకూ దూరమైన తెలుగువాళ్లం, గోండులం ఎప్పుడూ లెక్కల చివరే ఉంటున్నాం.

రేపు ఇంకో ప్రమాదం ఉంది. ఒక్క రక్తపు చుక్కలో వందల జీవక్రియా పదార్థాలను కొలిచి, ఫలానా జనానికి ఫలానా శరీరతత్వం ఉందని తేల్చే పరిశోధనల కాలం ఇది. ఆ పదార్థాల్లో కొన్ని ట్యూబులోనే మారిపోతాయి: నిలవున్న రక్తంలో ఆర్జినిన్ తగ్గి ఆర్నిథిన్ పెరుగుతుంది, హైపోజాంథిన్ పెరుగుతుంది. నాగ్‌పూర్ రక్తాన్ని వెంటనే పరీక్షించి, ఇక్కడి గిరిజనులైన మాడియా గోండుల రక్తాన్ని సాయంత్రం పరీక్షిస్తే ఏం తేలుతుంది? బస్సు ఆలస్యం గిరిజనుల జీవలక్షణంగా అచ్చవుతుంది, దాని మీద మందులూ పథకాలూ తయారవుతాయి.

కాబట్టి ప్రతి రిపోర్టు మీద రక్తం తీసిన సమయం, సీరం వేరుచేసిన సమయం ఉండాల్సిందే. ఇప్పుడు చాలా రిపోర్టుల్లో నమూనా ల్యాబుకు చేరిన వేళే కనిపిస్తుంది. ఆ రెండు సమయాలూ లేని నమూనాను డాక్టరు నమ్మకూడదు, పరిశోధకుడు తన పట్టికలోకి ఎక్కించకూడదు.