చిక్కుడు పందిరి తీయాలా, ఉంచాలా?

(డాలస్‌కు ఉత్తరాన ఒక ఇంటి పెరడు. ఆగస్టు ఆఖరి వారం, సాయంత్రం ఆరు. పడమటి వైపు చిక్కుడు పందిరి: ఆకు దట్టంగా ఉంది, పూత మాత్రం ఒక్కటీ లేదు. తెనాలి నుంచి వచ్చిన మామగారు ఒకవైపు, మొదటిసారి చలికాలపు కూరగాయలు వేయబోతున్న కోడలు మరోవైపు. నేను ఒకరికి కొడుకును, ఇంకొకరికి మొగుణ్ని. అందుకని తీర్పు చెప్పను, విన్నది రాస్తున్నాను.)

కోడలు: మామయ్యగారూ, ఈ శనివారం పందిరి తీసేద్దామండీ. బ్రోకలీ, క్యాబేజీ నారు తెస్తున్నాను.

మామగారు: మఖ కార్తెలో చిక్కుడు పాదు పీకేవాళ్లను ఇన్నేళ్లలో చూడలేదమ్మా.

కోడలు: కార్తెలు తెనాలికండీ. ఇది డాలస్.

మామగారు: సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పేదే కార్తె. ఇక్కడి సూర్యుడు వేరా?

కోడలు: సూర్యుడు ఒక్కడే. వాన వేరు, చలి వేరు. మఖలో మన ఊళ్లో వరిచేను నీళ్లలో ఉంటుంది, ఇక్కడ చూడండి, ఈ నెర్రెలో నా బొటనవేలు దిగిపోతోంది. ఇక్కడ లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. నీళ్లు గడ్డకట్టే మొదటి రాత్రి సగటున నవంబరు మూడో వారంలో వస్తుంది. నారు నాటాక బ్రోకలీ పువ్వు చేతికి రావడానికి 60, 70 రోజులు. పగలు తగ్గేకొద్దీ మొక్క మందగిస్తుంది కాబట్టి ఇంకో రెండు వారాలు కలపాలి. అలా వెనక్కి వస్తే సెప్టెంబరు మొదటి వారమే.

మామగారు: ఆ మంచుకు నీ బ్రోకలీ చస్తుందా?

కోడలు: తేలికపాటి మంచుకు చావదు. కేల్ లాంటి ఆకుకూరలైతే చలి తగిలాక ఇంకా తియ్యగా అవుతాయి.

మామగారు: చావని మొక్కకు చావు తేదీ నుంచి లెక్క ఎందుకు? చచ్చేది చిక్కుడు. తొందర దానిది.

కోడలు: (కాసేపు ఆగి) చావదు, కానీ పెరగదు కూడా. డిసెంబరులో ఇక్కడ పగలు పది గంటలే. అప్పటికి పువ్వు కట్టకపోతే మొక్క ముడుచుకుని కూర్చుంటుంది.

మామగారు: పగలు తగ్గితే ఏమవుతుందో నాకు చెబుతున్నావా? ఈ నాటు చిక్కుడు ఇన్నాళ్లూ ఎందుకు పూయలేదనుకున్నావు? ఎరువు చాలక కాదు, పగలు కురచ కావాలి దీనికి. మే నుంచి నీళ్లు పోసి, ఆకు తప్ప ఏమీ లేదని విసుక్కున్నావు. తీరా పూసే నెల వచ్చేసరికి కత్తెర తెస్తున్నావు. నీ లెక్కలోనే నవంబరు దాకా గడువుంది. ఇగురు కూరకు ఆ కాయలు చాలవా?

(ఇది నిజంగా గట్టి దెబ్బ. నాకు చిక్కుడుకాయ ఇగురు ఇష్టమన్న సంగతి పక్కన పెట్టినా.)

కోడలు: మరి నారు ఎక్కడ నాటమంటారు?

మామగారు: ఆ దక్షిణపు కంచె పక్కన అంతా ఖాళీయే కదా.

కోడలు: కంచె ఎత్తు ఆరడుగులు. డిసెంబరు ఆఖరులో మిట్టమధ్యాహ్నం దాని నీడ ఇక్కడ తొమ్మిది అడుగులు పడుతుంది. తెనాలిలో అయితే ఐదు. మీ కళ్లు ఆ ఐదడుగులకు అలవాటు పడ్డాయి.

(మామగారు లేచి, కంచె నుంచి అడుగులో అడుగు వేస్తూ తొమ్మిది లెక్కపెట్టుకుని, అక్కడ ఒక పుల్ల గుచ్చి వచ్చారు. మాట్లాడలేదు.)

కోడలు: ఇంకోటి. సలాడ్‌లో వేసే లెట్యూస్ విత్తనం వేడి మన్నులో మొలవదు. (వంటింటి థర్మామీటరు గుచ్చి) చూడండి, 36 డిగ్రీలు.

మామగారు: ఆ థర్మామీటరు ఇలా ఇవ్వు. (పందిరి కింద గుచ్చి, కళ్లద్దాలు సర్దుకుని) ఇక్కడెంత ఉంది?

కోడలు: ఇరవై ఎనిమిది. ఇంకా కాస్త దిగాలి.

మామగారు: నీళ్లు చల్లి గోనెపట్టా కప్పితే అదీ దిగుతుంది. నీడ వల కొంటానన్నావు, ఆ పని ఈ పాదు ఊరికే చేస్తోంది. మంచుకు అది మాడిపోయాక ఎండ దానంతటదే వస్తుంది.

కోడలు: లెట్యూస్‌కు సరే. బ్రోకలీకి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. నీడలో సన్నగా సాగుతుంది.

మామగారు: పందిరికి తూర్పున మూడడుగులు జరిపి నాటు. పొద్దుటి ఎండంతా దానిదే, మాడ్చే పడమటి ఎండ మాత్రం తగలదు. అది సరే, ఆ మూట ఏమిటి?

కోడలు: ఇసుక. ఈ బంకమన్ను గుల్లబారుతుందని.

మామగారు: రేగడిలో ఇసుక కలిపితే ఇటుకవుతుందమ్మా. పశువుల ఎరువో ఆకు ఎరువో మూడంగుళాలు పరిచి కలుపు. తడి మన్నులో మాత్రం పార దించకు. (ఇసుక మూట మరుసటి రోజు దుకాణానికి తిరిగి వెళ్లింది. మోసింది నేనే.)

(శనివారం. ఎరువు కలిపిన మడి పందిరికి తూర్పున, పుల్లకు ఇవతల. నారు ట్రేలు అరుగు మీద ఉన్నాయి. కత్తెర కోడలి చేతిలోనే ఉంది.)

కోడలు: మామయ్యగారూ, ఇది పూమొగ్గేనా?

(ఆయన వంగి, రెమ్మను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు.)

మామగారు: ఆకే.