రొయ్యకు సదస్సు ఉంది, రోగికి లేదు

ముహూర్తాలు లేని రోజున కూడా భీమవరంలోనో, ఆకివీడులోనో ఫంక్షన్ హాలు ముందు బైకులు బారులు తీరి ఉన్నాయంటే లోపల ఏం జరుగుతోందో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఫీడ్ కంపెనీవాళ్లో, హేచరీవాళ్లో పెట్టిన రొయ్య రైతుల అవగాహన సదస్సు. వెనమీ రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చిన దగ్గర్నుంచి తెల్లమచ్చ, ఈహెచ్‌పీ అంటూ జబ్బులు ఒకదాని వెనక ఒకటి తగులుకుంటూనే ఉన్నాయి, మీటింగులూ జరుగుతూనే ఉన్నాయి. వేదిక మీద శాస్త్రవేత్త చెప్పేది సగమే. మిగతా సగం రైతులే చెప్పుకుంటారు. 'మా చెరువులో నెల తిరక్కుండానే ఇలా అయింది, అది మానేశాం, ఇది వేశాం' అని ఒకాయన మైకు లాక్కుంటే, 'అదేం కాదండీ' అంటూ వెనక వరసలోంచి ఇంకొకాయన లేస్తాడు. అసలు చర్చ భోజనాల దగ్గర మొదలవుతుంది.

ఇదే డెల్టాలో మనిషికి అరుదైన క్యాన్సర్ వస్తే అతను ఒంటరి. తనలాంటివాడు పక్క మండలంలోనే ఉన్నా తెలిసే దారి లేదు. ఆస్పత్రులు పెరిగాయి, స్కానింగులు పెరిగాయి, ఆరోగ్యశ్రీ అని ఇప్పటికీ అందరూ పాత పేరుతోనే పిలిచే పథకమూ ఉంది. ఆ జబ్బుతో రోజూ ఎలా బతకాలో నేర్పే చోటు మాత్రం ఒక్కటీ లేదు. అందుకే సూటిగా చెబుతున్నాను: న్యూరో ఎండోక్రైన్ క్యాన్సర్ రోగుల కోసం గోదావరి జిల్లాల్లోనే, తెలుగులోనే, ఏటా ఒక సదస్సు జరగాలి. దీన్ని సేవా కార్యక్రమంగా కాకుండా వైద్యంలో భాగంగా లెక్కగట్టాలి.

ఇన్ని క్యాన్సర్లుండగా ఇదే ఎందుకంటారా? 2018 మార్చిలో ఇర్ఫాన్ ఖాన్ తనకు వచ్చిందని ప్రకటించిన జబ్బు ఇదే. 2020 ఏప్రిల్‌లో ఆయన పోయారు. యాపిల్ స్టీవ్ జాబ్స్‌కి వచ్చిందీ ఇదే. పేపర్లు పాంక్రియాస్ క్యాన్సర్ అని రాసేశాయిగానీ, అది మామూలుగా నెలల్లో మనిషిని తీసుకుపోయే రకం కాదు. 2003లో బయటపడ్డాక ఆయన 2011 దాకా ఉన్నారు. ఈ ఎనిమిదేళ్లే నా వాదనకు మూలం. పేగుల్లోనో, ఊపిరితిత్తుల్లోనో, పాంక్రియాస్‌లోనో పుట్టే ఈ కణితుల్లో చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. కొన్ని హార్మోన్లను రక్తంలోకి వదులుతూ ఉంటాయి. అమెరికాలో 2012లో లక్షమందికి ఏడుగురి చొప్పున కొత్త రోగులు తేలారు. ఏడే కదా అనిపిస్తుంది. కానీ 2014 నాటికి ఆ దేశంలో ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు 1,71,000 మందికి పైనే అని అంచనా. వచ్చేవాళ్లు కొద్దిమందే, దానితో ఏళ్ల తరబడి కాపురం చేసేవాళ్లు ఎక్కువమంది. అలాంటి జబ్బుకు మందుచీటీ ఒక్కటే సరిపోదు, చదువు కావాలి.

గుర్తించడంలోనే ఎలాగూ ఏళ్లు పోతాయి. ఆ హార్మోన్ల వల్ల ముఖం ఎర్రబడి వేడి ఆవిర్లు వస్తే నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి 'ముట్లు ఆగిపోయే వయసు కదమ్మా' అంటారు. విరేచనాలైతే గ్యాస్ ట్రబుల్, లేదంటే టెన్షన్. పిల్లికూతలు వస్తే ఆస్తమా. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, పట్నంలో ఎండోస్కోపీ దాకా వెళ్లి, ఎక్కడో లివర్‌లో మచ్చలు కనిపిస్తే అప్పుడు బయాప్సీ. ఈ కథ డెల్టాకే ప్రత్యేకం కాదు, అన్ని దేశాల్లోనూ ఇంతే. అక్కడ ఆ తర్వాత జరిగేది వేరు. అమెరికాలో ఈ జబ్బు కోసమే 1968లో కార్సినాయిడ్ క్యాన్సర్ ఫౌండేషన్ పుట్టింది (కార్సినాయిడ్ అన్నది ఈ కణితులకు పాత పేరు). రోగుల కోసమే రోజంతా నడిచే సదస్సులు అక్కడ మామూలు విషయం. సర్జన్, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్, డైటీషియన్ వరసగా వచ్చి మాట్లాడతారు. రోగులు లేచి నిలబడి ప్రశ్నలు వేస్తారు, అవీ ఆషామాషీ ప్రశ్నలు కావు.

అక్కడ ఏం నేర్చుకుంటారో చూస్తే మనం ఏం పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది. ఈ జబ్బుకు చేసే పరీక్షల్లో ఒకటి ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి, అందులో 5-హెచ్‌ఐఏఏ అనే పదార్థాన్ని కొలవడం. రెండు మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, టమాటా తినకూడదు. తింటే లెక్క తప్పుగా పెరుగుతుంది. రావులపాలెం మార్కెట్ నుంచి గెలలు లారీలెక్కే నేల ఇది. కోనసీమలో మనిషి అరటిపండు ముట్టకుండా రెండు రోజులు ఉండాలంటే ఎవరో ఒకరు ముందుగా, గట్టిగా చెప్పాలి. ల్యాబ్ కౌంటర్ దగ్గర డబ్బా చేతిలో పెట్టే కుర్రాడు చెబుతాడా?

ఇంకొకటి, ఈ కణితుల జాడ చెప్పే క్రోమోగ్రానిన్-ఎ అనే రక్తపరీక్ష. మనం పరగడుపునే టీ కన్నా ముందు మింగే గ్యాస్ బిళ్ల ఉందే, ఆ పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకాలు వాడుతుంటే ఈ అంకె దానంతట అదే పెరిగిపోతుంది. జబ్బు ముదిరిందేమోనని ఇల్లంతా ఏడుపులు. డాక్టర్‌ని అడిగి, ఆయన ఒప్పుకుంటే కొన్నాళ్లు ఆ బిళ్ల ఆపి మళ్లీ పరీక్ష చేయించుకుంటే అసలు సంగతి తేలుతుంది. ఇది తెలియక ఎంతమంది భయంతో మరో స్కానింగ్‌కి అప్పు చేశారో ఎవరు లెక్కపెట్టారు? గ్యాస్ బిళ్ల లేని ఇల్లు గోదావరి జిల్లాల్లో దొరకడం కష్టం కాబట్టి ఈ ఒక్క ముక్క చెప్పడానికైనా హాలు బుక్ చేయొచ్చంటాను.

తర్వాత ఇంజెక్షన్. కణితి వదిలే హార్మోన్లను అదుపు చేసే మందు ఆక్ట్రియోటైడ్. దాని దీర్ఘకాలిక రకాన్ని సాధారణంగా ఇరవై ఎనిమిది రోజులకోసారి పిరుదు కండరంలోకి లోతుగా ఇస్తారు. ఫ్రిజ్‌లో ఉంచాలి, ఇచ్చే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వాలి, పొడిని ద్రవంలో జాగ్రత్తగా కలిపి వెంటనే ఇచ్చేయాలి. ఆలస్యమైతే సూది మూసుకుపోతుంది. వేల రూపాయల మందు సిరంజిలోనే ఉండిపోతుంది. హైదరాబాద్‌లో కొని, ఐస్ బాక్సులో పెట్టుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్న మందును రాజోలులోనో, ముమ్మిడివరంలోనో నర్సమ్మ చేతికిస్తే, ఆమె జన్మలో చూడని ఇంజెక్షన్ అది. ఆమె తప్పేముంది? సదస్సులో వేదిక మీదే ఒక అనుభవమున్న నర్సు చేత కలిపించి, ఇచ్చి చూపించాలి. రోగులతో పాటు వాళ్ల ఊరి నర్సుల్ని కూడా పిలవాలి. ఈ మందుతో పిత్తాశయంలో రాళ్లు రావచ్చని, విరేచనం జిడ్డుగా తేలుతుంటే అరుగుదల ఎంజైములు అవసరం కావచ్చని అదే పూట చెప్పొచ్చు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది పళ్ల డాక్టర్ దగ్గర. హార్మోన్లు వదిలే కణితి ఉన్నవాళ్లకి అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్ పడకపోవచ్చు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చేటప్పుడు రక్తపోటు అమాంతం అటూ ఇటూ అయిపోయే ప్రమాదమూ ఉంది, దాన్నే కార్సినాయిడ్ క్రైసిస్ అంటారు. మత్తు డాక్టర్‌కి ముందే తెలిస్తే ఆక్ట్రియోటైడ్ సిద్ధంగా పెట్టుకుంటారు. పాశ్చాత్య దేశాల రోగులు పర్సులో చిన్న కార్డు పెట్టుకుని తిరుగుతారు, అందులో ఇదంతా రాసి ఉంటుంది. మన దగ్గర ఆ కార్డు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక ఫ్లెక్సీకయ్యే ఖర్చులో వందల కార్డులు వస్తాయి.

లుటీషియం చికిత్స సంగతి కూడా ఇంతే. కణితి మీద ఉండే గ్రాహకాలకు అతుక్కునే మందుకు రేడియోధార్మిక లుటీషియం-177ని జోడించి ఎక్కిస్తారు. మామూలుగా నాలుగు విడతలు, ఒక్కోదానికి మధ్య దాదాపు రెండు నెలల ఎడం. దాని రేడియోధార్మికత ఆరున్నర రోజుల్లో సగానికి పడిపోతుంది కాబట్టి చెప్పిన తేదీకి మనిషి అక్కడ ఉండి తీరాలి, రేపొస్తానంటే కుదరదు. అమెరికాలో దీనికి 2018లో అనుమతి వచ్చింది. ఆ లుటీషియం మన ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లోనే తయారవుతోంది. దేశంలోనే తయారయ్యే మందు దేశంలోనే దొరుకుతుందని కోనసీమ రోగికి ఎవరు చెప్పాలి? ఏ చికిత్స పథకంలోకి వస్తుందో, ఏది రాదో ఆరోగ్యమిత్రను వేదిక ఎక్కించి అందరి ముందూ అడగాలి. అక్కడ మాట దాటవేయడం అంత తేలిక కాదు.

యూట్యూబ్ ఉందిగా, వాట్సాప్ గ్రూపు పెడితే పోలా అంటారు కొందరు. పదిమంది కోసం హాలెందుకని మరికొందరు. రోగులంతా ఒకచోట చేరితే తెలిసీ తెలియని మాటలు చెప్పుకుని భయపడతారని డాక్టర్ల అనుమానం. కషాయాలమ్మేవాళ్లు దూరతారన్నది మరో బెంగ. చివరిది మాత్రం నిజమైన బెంగే. కానీ కషాయం అమ్మేవాడు ఇప్పటికే ఇంటి అరుగు దాకా వచ్చేశాడు. హాల్లో అయితే కనీసం 'కాదు' అనడానికి ఒక డాక్టర్ ఉంటాడు. వాట్సాప్‌లో ఎవరుంటారు?

అసలు అడ్డంకి వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సదస్సుకు రోగి రావాలంటే తనకు ఆ జబ్బు ఉందని రోగికి తెలియాలి. మన ఇళ్లలో తెలియదు. బయాప్సీ రిపోర్టు కొడుకు చేతికి వెళుతుంది. అమ్మకి చెప్పకండి సార్, తట్టుకోలేదు అంటాడు. డాక్టర్ గారు తలూపుతారు. ఆ రోజు నుంచి ఇంట్లో నాటకం. నెలనెలా ఇచ్చేది బలానికి ఇంజెక్షన్ అని చెబుతారు. మా బంధువుల్లో ఒకావిడకి ఇలాగే నడిపించారు. ఆవిడ దగ్గర ఒక్కరూ ఆ పేరు ఎత్తరు. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లనీ గుమ్మంలోనే ఆపి, ఏం మాట్లాడకూడదో చెప్పి లోపలికి పంపేవారు. ఆవిడకి తెలియదని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఒకరోజు ఆవిడే పొరుగింటి పిల్ల ఫోనులో మందు పేరు కొట్టించి చూసుకుంది. చూశానని కొడుకుతో అనలేదు, వాడు బాధపడతాడట!

నెలల్లో అయిపోయే జబ్బయితే ఈ దాపరికం ఎలాగో లాగేయొచ్చునేమో. ఎనిమిదేళ్లు, పదేళ్లు నడిచే జబ్బులో కుదరదు. పళ్ల డాక్టర్ దగ్గర నోరు తెరిచి కూర్చున్న మనిషి తన జబ్బేమిటో చెప్పగలగాలి. అరటిపండు ఎందుకు మానాలో తెలియని మనిషి కొడుకు చూడనప్పుడు తినేస్తుంది, అది తిండిపోతుతనం కాదు. ప్రేమ పేరుతో మనం రోగిని ఇంట్లో మైనరుగా మార్చేస్తున్నాం. పొలం పంపకాల కాగితాల మీద ఆమె సంతకం కావాలి, ఆపరేషన్ కాగితం మీద మాత్రం కొడుకు చేస్తే సరిపోతుంది! జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొదటి హక్కు సమాచారానిదే. ఆ హక్కు కొడుకుది కాదు, కోడలిది కాదు, ఆస్పత్రి ఎండీది కాదు. పరీక్ష రాసేది ఎవరో వాళ్లకి ప్రశ్నపత్రం ఇవ్వకుండా పక్కవాళ్లకి ఇస్తున్నాం అనిపిస్తుంది నాకు ఈ వ్యవహారం చూస్తే.

డాక్టర్లని కూడా ఊరికే వదలకూడదు. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం వైద్యులు ఐదేళ్లలో కనీసం ముప్పై గంటలు సీఎంఈ తరగతులకు, అంటే చదువు పూర్తయ్యాక కూడా కొత్త విషయాలు నేర్చుకునే తరగతులకు, హాజరుకావాలి. చాలావరకు హోటళ్లలో, కంపెనీల సౌజన్యంతో, డాక్టర్లకి డాక్టర్లే చెప్పుకునే కార్యక్రమాలవి. రోగుల సదస్సులో మాట్లాడిన గంటను కూడా ఈ లెక్కలో కలపమనండి. రాష్ట్ర వైద్యమండలి తలుచుకుంటే అయ్యే పని. రెండు వందల మంది రోగుల ముందు తెలుగులో నిలబడి, మీ మందుతో నాకు కాళ్లు తిమ్మిరెందుకు ఎక్కుతున్నాయి సార్ అన్న ప్రశ్నకి జవాబు చెప్పిన డాక్టర్ ఆ రోజు ఏ హోటల్లోకన్నా ఎక్కువే నేర్చుకుంటాడు.

చోటు కాకినాడ అయితే మంచిది. 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల ఉంది, అన్ని వైపుల నుంచీ బస్సులున్నాయి. ఏటా నవంబరు 10ని ఈ జబ్బు అవగాహన దినంగా ప్రపంచమంతా జరుపుతోంది కాబట్టి తేదీ వెతుక్కోనక్కర్లేదు. అప్పటికి తుఫానుల భయం పూర్తిగా పోదు, అందుకని హాలు లోతట్టున కాకుండా చూసుకోవాలి. అమలాపురం, నరసాపురం నుంచి వచ్చేవాళ్లు చీకటి పడేలోగా ఇల్లు చేరాలంటే నాలుగింటికల్లా ముగించాలి. టాయిలెట్లు దగ్గరగా, ఎక్కువగా ఉండాలి, ఈ జబ్బున్నవాళ్లకి మొదటి అవసరం అదే. భోజనంలో కారం తగ్గించాలి, మనవాళ్లకి కష్టమే అయినా. ఇంజెక్షన్ కంపెనీ డబ్బిస్తానంటే తీసుకోండి, స్టాలు మాత్రం పెట్టనివ్వకండి. చివరి గంట డాక్టర్లు, కంపెనీవాళ్లు, కొడుకులు, కోడళ్లు అందరూ బయట టీ తాగుతూ కూర్చోవాలి. లోపల మైకు రోగుల దగ్గరే ఉండాలి.