తిప్పితే చాలు, అంచులు పాడు

బొమ్మ కదలకుండా ఉన్నంతసేపూ ముద్దుగా ఉంటుంది. కాన్వాస్‌లో, అంటే వెబ్ పేజీలో కోడ్‌తో బొమ్మలు గీసే చోట, దాన్ని రెండు డిగ్రీలు తిప్పామో లేదో, అంచులన్నీ రంపం పళ్లే! బీసెంట్ రోడ్డులోని ఒక చీరల షాపు పేజీలో ఆఫర్ కార్డు మెల్లగా తిరగాలి. అంతే పని. కార్డు అంచు మెట్లుమెట్లుగా విరిగి, తిరుగుతున్నకొద్దీ ఆ మెట్లు పాకుతున్నట్టు కనిపిస్తున్నాయి. "ఏంటండీ, చింపి అతికించినట్టుంది?" అని ఓనరు గారు అడిగితే ఏం చెప్పను?

ఎవరిని అడిగినా ఒకటే మాట: ఇమేజ్ స్మూతింగ్ (బొమ్మని నున్నగా చేసే సెట్టింగ్) ఆన్ చెయ్యి. అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది మహాప్రభో! అది చూసుకునేది బొమ్మ లోపలి పిక్సెళ్లని. బయటి అంచుని ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా గీస్తుంది.

పనిచేసే మందు వేరే ఉంది. బొమ్మ చుట్టూ ఒక్క పిక్సెల్ పారదర్శకంగా వదలాలి. అప్పుడు కనిపించే అంచు బొమ్మ లోపలికి వచ్చేస్తుంది, పక్కనున్న ఖాళీ పిక్సెల్‌తో కలిసి మెత్తబడుతుంది. ఫోన్లలో ఇంకో గొడవ. డివైస్ పిక్సెల్ రేషియో (పేజీ లెక్కలో ఒక్క పిక్సెల్ వెడల్పుకి తెర మీద ఎన్ని అసలు పిక్సెళ్లో ఆ లెక్క) 2 ఉంటే కాన్వాస్ వెడల్పు, ఎత్తు రెట్టింపు చేసి, సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్‌లో) పాత సైజే ఉంచి, గీసేటప్పుడు రెండింతలకి స్కేల్ చెయ్యాలి. లేకపోతే అంతా మసక.

ఫొటో లేకుండా ఉత్త రంగు నింపిన చతురస్రం గీస్తే అదే కోణంలో నున్నగా వస్తుంది కదా! ఫొటో పెట్టేసరికి బ్రౌజర్‌కి ఆ శ్రద్ధ ఏమైపోతుంది? బెజవాడ ఎండల్లో, ఉక్కపోతలో, ఒక్క పిక్సెల్ కోసం అర్ధరాత్రి దాకా కూర్చోవాలంటే నిజంగా ఏడుపొస్తోంది.