రేపటి వాన గురించి ఈ రోజే రాయించాలి

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు వాతావరణశాస్త్ర పరిచయ పాఠాలు చెబుతున్నాను. ప్రతి తరగతిలో చివరి పదిహేను నిమిషాలు మర్నాటి వాతావరణాన్ని అంచనా వేసి రాయడానికి కేటాయించేవాడిని. పరీక్షలో రాని పనికి సమయం ఎందుకని ఈసారి దాన్ని ఆపించారు. ఆ నిర్ణయం తప్పని నా గట్టి నమ్మకం.

రాయవలసింది కొంచెమే. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలి దిశ, మర్నాడు ఉదయం 8.30తో ముగిసే 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాన పడే అవకాశం ఎంత శాతమన్నది, వీటన్నిటికీ కారణం రెండు వాక్యాల్లో. వాతావరణ శాఖ వానరోజుగా లెక్కించేది ఆ 2.5 నుంచే కాబట్టి, నాలుగు చినుకులు పడితే వాన పడినట్టా కాదా అన్న వాదనకు తావుండదు.

సముద్రపు గాలి నిర్వచనం హైస్కూలు నుంచీ అందరికీ కంఠతా వచ్చు. అయినా ఏప్రిల్‌లో ఒక రోజు తరగతి అంతా గరిష్ఠం 37 డిగ్రీలని రాస్తే, కళింగపట్నం దగ్గరి మత్స్యకార గ్రామం నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం 33 అని రాసింది. ‘పొద్దుట పడమటి గాలి పడిపోయింది మాస్టారూ, పది దాటితే సముద్రం మీంచి గాలి తిరుగుతుంది’ అని కారణం చెప్పింది. మర్నాడు మా ఆవరణలోని ఉష్ణమాపకం 33.4 చూపింది. రెండు రోజుల తరువాత ఆమె మళ్లీ 33 అనే రాసింది, కానీ ఆ రోజు 37.8 నమోదైంది. పడమటి గాలి మధ్యాహ్నం దాకా బలంగా వీస్తూనే ఉండి, సముద్రపు గాలిని ఒడ్డు దాటి లోపలికి రానివ్వలేదు. భూమికీ సముద్రానికీ మధ్య ఉష్ణోగ్రతల తేడా ఒక్కటే చాలదనీ, ఆ వేళకు పడమటి నుంచి వీచే గాలి దానికి ఎదురు నిలిస్తే ఫలితం మారిపోతుందనీ ఆమె ఆ రాత్రి పటాలు ముందేసుకుని తనంతట తానే తెలుసుకుంది. నేను గంటసేపు బోర్డు మీద గీసినా అంత లోతుగా నాటి ఉండేది కాదు.

అయితే మార్కులు వేసే పద్ధతి సరిగా ఉండాలి. 1884లో అమెరికాలో ఫిన్లీ అనే అధికారి తన టోర్నడో అంచనాలు 96.6 శాతం నిజమయ్యాయని ప్రకటిస్తే, రోజూ ‘టోర్నడో రాదు’ అని రాసి ఉన్నా 98.2 శాతం వచ్చేదని గిల్బర్ట్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి చూపాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన జిల్లాలో రోజూ ‘వాన లేదు’ అని రాసే విద్యార్థి విషయమూ అంతే. అందుకే ‘నిన్నటిలాగే నేడు’ అనుకుంటే వచ్చే ఫలితం కంటే ఎంత మెరుగో చూసి మార్కులు వేస్తాను. వాన అవకాశానికి 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించిన లెక్క వాడతాను. వాన పడితే 1, పడకపోతే 0 అనుకుని, రాసిన శాతానికీ దానికీ ఉన్న తేడాను వర్గం చేయడమే ఆ లెక్క. 70 శాతం అని రాశాక వాన పడితే 0.09, పడకపోతే 0.49 వస్తుంది, తక్కువ వచ్చినవారే మెరుగు. ఎటూ తేల్చకుండా రోజూ 50 శాతం రాసేవారికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మొదటి వారం తరగతిలో సగానికి పైగా అలాగే రాశారు. నెల తిరిగేసరికి 20, 80 అని రాసే ధైర్యం వచ్చింది, ఆ ధైర్యానికి కారణం వెతికే అలవాటూ వచ్చింది.

ఫోన్‌లో చూసి దించేస్తారన్న అభ్యంతరం నిజమే. అందుకే కారణానికి సగం మార్కులు ఉంచాను. ఫోన్ చెప్పినదానితో ఎక్కడ విభేదిస్తున్నారో, ఎందుకు విభేదిస్తున్నారో రాయమంటాను.

శాతాల్లో ఆలోచించడం మన తీరంలో పెరిగే పిల్లలకు మరీ అవసరం. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను తీరం చేరకముందే సముద్రంలో బలహీనపడితే, అనవసరంగా భయపెట్టారని ఎందరో అన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. తీరాన్ని తాకకుండా పోయిన తుఫానుకు ముందు ఇచ్చిన హెచ్చరిక ఎందుకు తప్పు కాదో, తన చేత్తో 70 శాతం అని రాసి, వాన పడని రోజున 0.49 తెచ్చుకున్న విద్యార్థికి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెల మొదలయ్యేలోపు ఆ పదిహేను నిమిషాలు తిరిగి ఇవ్వాలని, విద్యార్థుల అంచనా పుస్తకాలు జతచేసి, రాతపూర్వకంగా అడిగాను.