పారిస్ ఎందుకు, తిరుగు రైలు చాలదా?

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఆఫీసు నుంచి అటే పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు కోసం సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి పరుగెత్తి, ఆదివారం రాత్రికి మళ్లీ ఈస్ట్ హామ్‌లోనో హౌన్‌స్లోలోనో తాళం తీసుకునే లండన్ తెలుగువాళ్ల తరఫున ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వీకెండ్ ట్రిప్పు కార్యక్రమం నుంచి పారిస్‌ని తొలగించాలి. తిరుగు రైలు ఒక్కటి ఉంచితే చాలు.

నవ్వే ముందు వీసా కాగితాలు ఒకసారి తిరగేయండి. లండన్‌లో ఏళ్ల తరబడి పన్ను కడుతున్నా సరే, చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే పారిస్‌లో రెండు రాత్రులు పడుకోవడానికి షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా, కావాల్సిందే. ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్సు, ఉద్యోగం ఉందని ఆఫీసు వాళ్లిచ్చిన ఉత్తరం. ఇంత కట్టలో వాళ్లు వెతికేది ఒకటే: ఈ మనిషి తిరిగెళ్తాడా లేదా? మా పారిస్ ఎలా ఉందో చూసొచ్చి చెప్పు నాయనా అని ఎవరూ అడగరు. తిరుగు టికెట్టే అసలు సరుకని వాళ్లకి ఎప్పుడో తెలుసు. మనకే ఆలస్యమైంది.

తిండి సంగతి చూద్దాం. 2021 నుంచి బ్రిటన్ వైపు నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు పట్టుకెళ్లకూడదు. ఆ జనవరిలోనే నెదర్లాండ్స్ రేవులో లారీ డ్రైవర్ల హామ్ శాండ్‌విచ్‌లు అధికారులు లాక్కోవడం టీవీలో లోకమంతా చూసింది. ఆ లెక్కన మన పెరుగన్నం డబ్బా నిషిద్ధ సరుకు. పులిహోర మాత్రం దర్జాగా దాటుతుంది. పోనీ, మన పెరుగు ఆపినందుకు వచ్చేటప్పుడు వాళ్ల చీజ్ తెచ్చుకుందామా అంటే, గాలికుంటు వ్యాధి భయంతో 2025 ఏప్రిల్ నుంచి బ్రిటన్ దాన్నీ ఆపేసింది. 1904లో ఒప్పందం రాసుకుని స్నేహం చేసుకున్న బ్రిటన్, ఫ్రాన్స్ పాల దగ్గర మాత్రం ఇంకా రాజీ పడలేదు.

మరి అక్కడ ఏం తింటారు? పారిస్‌లో రైలు దిగే గార్ దు నార్ స్టేషన్ బయటికొచ్చి పది నిమిషాలు నడిస్తే లా షాపెల్ వస్తుంది. శ్రీలంక తమిళులు నిలబెట్టిన పేట. సాంబారు వాసన పట్టుకుని నడిస్తే మ్యాప్ కూడా అక్కర్లేదు. గంటకి 300 కిలోమీటర్ల దాకా పరుగెత్తే రైల్లో, సముద్రం కింద నుంచి వచ్చి, మనవాడు ఫ్రెంచి నేల మీద పెట్టుకునే మొదటి ముద్ద మసాలా దోసె. ఈస్ట్ హామ్‌లో ఇంటి కింద దొరికేదే. కాకపోతే అక్కడ పౌండ్లు, ఇక్కడ యూరోలు.

తరవాత డ్యూటీ మొదలవుతుంది. ఈఫిల్ టవర్‌కి ఎదురుగా ఉండే ట్రోకడేరో మెట్ల దగ్గర ఏ శనివారమైనా చూడొచ్చు. ఆవిడ పట్టుచీరలో, పైన చలికోటు విప్పి వణుకుతూ నవ్వుతుంటుంది. ఆయన మోకాళ్ల మీద కూచుని ఫోను వంచుతుంటాడు.

"ఏవండీ, టవర్ తల తెగింది."

"నీ తల వచ్చింది కదా."

"నా తల హైదరాబాద్‌లోనూ వస్తుంది. కాస్త వెనక్కి జరగండి."

"ఇంకా జరిగితే ఇన్సూరెన్సు వాడాల్సొస్తుంది."

330 మీటర్ల ఇనుమూ ఐదడుగుల కంచి పట్టూ ఒకే ఫ్రేములో ఇమడాలంటే ఎంత శ్రమో గుస్తావ్ ఈఫిల్‌కి కూడా తెలిసి ఉండదు. ఆయన ఒక్క టవరే చూసుకున్నాడు.

లూవ్ర్ మ్యూజియంలో ఇంకా కష్టం. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. మన హాల్లో వేలాడే పెళ్లిఫోటో దీనికంటే పెద్దది. దాని ముందు చేతులెత్తిన జనంలో నిలబడి అవతలివాడి ఫోను తెరమీద కనిపించే మోనాలిసాకి ఫోటో తీసుకుని రావాలి. నన్నడిగితే, ఈమధ్య లూవ్ర్‌ని పద్ధతిగా చూసింది ఒకే ఒక్క బృందం. 2025 అక్టోబరు 19, అదీ ఆదివారమే. పొద్దున్నే నిచ్చెన ఉన్న లారీ వేసుకొచ్చి, ఎనిమిది నిమిషాల్లోపే అపోలో గ్యాలరీలో నగలు సర్దుకుని వెళ్లిపోయారు. సెల్ఫీకి ఆగలేదు, ఎవరినీ జరగమనలేదు.

అంతటి ఘనులూ అక్కడే ఉన్న రీజెంట్ వజ్రం మాత్రం వదిలేశారు. అది మనది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ కొని లండన్ పంపి సానపట్టించాడు. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. అంటే మనకంటే ముందే లండన్ నుంచి పారిస్ వెళ్లిన కృష్ణాతీరవాసి ఆ రాయి. దాన్ని ఎవరూ వీసా అడగలేదు, తిరుగు టికెట్టు చూపించమనలేదు. మూడు వందల ఏళ్లయినా తిరిగి రాలేదు. షెంగెన్ వాళ్ల భయం ఎక్కడ పట్టుకుందో ఇప్పుడర్థమవుతోంది కదా!

చివరికి ఆదివారం సాయంత్రం. గార్ దు నార్‌లో మేడ మీద ఫ్రెంచి పోలీసులు సాగనంపుతారు. నాలుగడుగుల అవతల బ్రిటన్ అధికారి స్వాగతం పలుకుతాడు, పారిస్‌లోనే. ఇద్దరినీ దాటి సీట్లో పడి బూట్లు విప్పాక ట్రిప్పు ఆరంభమవుతుంది. కళ్లు మూసుకున్న ఫోటోలు తీసేయడం, ఆయన పొట్ట కనిపించినవి ఆవిడ తీసేయడం, ఆవిడ మొహం చిట్లించినవి ఆయన దాచుకోవడం. స్టేటస్‌లు, ఫిల్టర్లు. ఆ మధ్యలో స్నేహితుల లెక్కలు: "శనివారం రెండో కాఫీ ఎవరిది?" ఎవరూ ఒప్పుకోరు. తెనాలిలో అర్ధరాత్రి దాటినా మేలుకునే ఉన్న అమ్మ ఫోను: "అక్కడ అన్నం దొరికిందా?"

సొరంగం 50 కిలోమీటర్లు, అందులో 38 సముద్రం కింద. చేపలేవని పిల్లాడు అడుగుతాడు. కిటికీలో కనిపించేది వాడి మొహమే. "అవి నిద్రపోయాయిరా" అంటాడు నాన్న, ఫోటోలోంచి తల ఎత్తకుండా. అవతల తేలేసరికి గడియారం గంట వెనక్కి జరుగుతుంది. శుక్రవారం పట్టుకున్న గంటని ఆదివారం పైసా కోత లేకుండా తిరిగిచ్చేది ఈ లోకంలో లండన్ గ్రీనిచ్ గడియారం ఒక్కటే. సోమవారం ఆఫీసులో చెప్పే పారిస్ మొత్తం ఈ రెండుంపావు గంటల్లో తయారైన సరుకే.

కాబట్టి నా పథకం ఇది. కెంట్‌లో యాష్‌ఫర్డ్ స్టేషన్ ఉంది. 2020 నుంచి యూరోస్టార్ అక్కడ ఆగడం మానేసింది. ఆదివారం సాయంత్రం సెయింట్ పాంక్రాస్‌లో ఒక రైలెక్కించి, యాష్‌ఫర్డ్ దాకా తీసుకెళ్లి, దోసెకి తగినంత సేపు ఆపి, వెనక్కి తేవాలి. ఫోటోలు గార్డు పంచుతాడు. ఎలాగూ అందరివీ ఒకే కోణం కాబట్టి మొహాలు అతికించుకుంటే సరి. వీసా లేదు, మేనేజరు ఉత్తరం లేదు. సరిహద్దే దాటం కనక పెరుగన్నానికి పూర్తి అనుమతి.

మరి నిజంగా పారిస్ చూడాలనుకునేవాళ్ల సంగతేమిటని కొందరు అడ్డు తగులుతారు. వాళ్లకీ అన్యాయం జరగనివ్వం. మంగళవారం ఒక రైలు వేద్దాం. ఆ రోజు లూవ్ర్‌కి సెలవు.